అంటించిన తొమ్మిది కాగితాలు

మార్చి 3

అన్నయ్యని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. తలలో గడ్డ ఉందట. నిమ్మకాయంత అన్నాడు డాక్టరు. "పెద్ద నిమ్మకాయా, చిన్నదా?" అని వదిన అడిగింది. పాపం, అంత చదువు చదివిన మనిషి నీళ్లు నమిలాడు.

పోయిన వారమే నాకు తెలియాల్సింది. అట్ట కోస్తూ గీతకి వేలెడు పక్కన కోశాడు. నలభై ఏళ్లుగా బైండింగు చేస్తూ ఒక్కసారి కూడా గీత తప్పని మనిషి. "ముసలాడివైపోయావు" అని నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

వాపు తగ్గడానికి మందులిస్తారు. ఇరవయ్యో తారీఖున ఆపరేషన్. గడ్డ మాట పుట్టే చోటుని ఆనుకుని ఉంది కాబట్టి మనిషి దక్కినా మాట దక్కకపోవచ్చునని చెప్పారు. మనిషి కూడా దక్కకపోవచ్చునని నోటితో చెప్పలేదు. అది కాగితం మీద అచ్చువేసి వదిన చేత సంతకం పెట్టించుకున్నారు.

దుకాణంలో మిగిలిన కాగితాలతో ఈ పుస్తకం కుట్టుకున్నాను. ఎందుకో రాయాలనిపించింది. ఎవరూ చదవరు కాబట్టి అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు.

మార్చి 5

ఆసుపత్రి కింది అంతస్తులో ప్రార్థన గది ఉంది. ఏ మతంవాళ్లైనా వెళ్లొచ్చు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద చెక్కపెట్టె, పక్కన తెల్లకాగితాలు. కోరుకున్నది రాసి పెట్టెలో వేస్తారు. వదిన రోజుకి రెండుసార్లు వెళ్తోంది.

"నువ్వూ రావే" అంది ఈవేళ.

"నాకు అలవాటు లేదు వదినా."

"అలవాటు లేనివాళ్లకి కుర్చీ వెయ్యరనుకున్నావా?"

రానన్నాను. మంచం మీద అన్నయ్య నావైపు చూసి కన్ను గీటాడు. మాటలు నెమ్మదిగా వస్తున్నా కన్ను మాత్రం బాగానే గీటుతున్నాడు.

పక్క మంచం ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. ఆయనకీ తల ఆపరేషనే, అయిపోయింది, ఇంకా తెలివి రాలేదు. భార్య స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ పెదవులు కదులుతూనే ఉంటాయి. అన్నం తినేటప్పుడు కూడా ప్రార్థనే. ఆ రెండూ ఎలా కుదురుతాయో నాకు అర్థం కాలేదు.

మార్చి 6

పెద్ద నర్సు దుకాణానికి వచ్చింది. ప్రార్థన గదిని చూసుకునేది ఆవిడే. ప్రతి ఏడూ పెట్టెలోని కాగితాలన్నీ తారీఖుల వారీగా పేర్చి అన్నయ్య ఒక పుస్తకంగా కట్టి ఇస్తాడు. పాతికేళ్లుగా ఆ పని తనే చేస్తున్నాడు, నన్ను చెయ్యి వెయ్యనివ్వడు. ఈ ఏటి కాగితాల సంచీ తెచ్చింది. దాంతోపాటు పాత పుస్తకం ఒకటి. అల్మారా వెనక గొట్టం కారి వెన్ను ఊడిపోయిందట.

"మీ అన్నగారు లేచాకే చెయ్యమను, తొందరేం లేదు" అంది.

ఆ మాట నాకు నచ్చింది. టీ ఇచ్చి పంపాను.

మార్చి 7

వర్షం. అన్నయ్య ఈరోజు "కత్తెర" అనబోయి "కిటికీ" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

మార్చి 9

ఊరికే కూర్చోలేక ఈ ఏటి కాగితాలు పేర్చడం మొదలుపెట్టాను. బైండరు చదవకూడదు, చేతికి అందినదాన్ని కట్టాలి అంతే. కానీ తారీఖు చూడాలంటే కాగితం చూడాలిగా.

'మా అల్లుడికి బుద్ధి ప్రసాదించు, లేకపోతే నాకు చెవుడు ప్రసాదించు.' ఇది ఒకరు రాసింది. 'రిపోర్టు ఇంకొకరిదై ఉండాలి. ఆ ఇంకొకరికి కూడా ఏమీ కాకూడదు.' ఇది ఇంకొకరు. అన్నిటికంటే నాకు నచ్చింది ఇది: 'నువ్వు ఉన్నావో లేవో నాకు తెలీదు. ఉంటే మాత్రం రెండో అంతస్తు, పదకొండో మంచం.'

నవ్వొచ్చింది. తర్వాత అంత నవ్వు రాలేదు.

అమ్మకి జబ్బు చేసినప్పుడు నాకు పదేళ్లు, అన్నయ్యకి పద్నాలుగు. నాన్న అంతకుముందే లేడు. మూడు వారాలు పొద్దున, సాయంత్రం ఇద్దరం చేతులు జోడించి నిలబడ్డాం. కాళ్లు పీకేవి. కదిలితే వినడేమోనని కదిలేవాళ్లం కాదు. అమ్మ పోయింది. అంతా అయిపోయి బస్సులో ఇంటికి వస్తుంటే అన్నయ్య అన్నాడు, "ఇంక ఆయన్ని మనం ఏమీ అడగొద్దు. మాట?" "మాట" అన్నాను.

అంతే. మళ్లీ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. అవసరం రాలేదు. నన్నందరూ సూది అని పిలుస్తారు. కొత్తవాళ్లు కుట్టుపని వల్ల అనుకుంటారు, అది నా నోటికి పెట్టిన పేరు. ఆ నోరు నలభై ఎనిమిదేళ్లలో ఆయన్ని ఒక్కటీ అడగలేదు. అందుకు నాకు గర్వమే.

మార్చి 11

పాత పుస్తకం విప్పాను. పన్నెండేళ్ల కిందటిది. వెన్ను తడిసి ఉబ్బింది, లోపలికి తడి చేరలేదు. కాగితాలు ఒక్కొక్కటే వేరుచేస్తుంటే ఒకచోట అట్టలా మందంగా తగిలింది. నాలుగంచులా జిగురు రాసి ఒకదానికొకటి అంటించేసిన కాగితాలు. తొమ్మిది.

నాకు పని నేర్పిన మొదటిరోజే అన్నయ్య రెండు సంగతులు చెప్పాడు. చేతికొచ్చిన ఏ కాగితాన్నీ పారెయ్యకూడదు. తర్వాత వచ్చేవాడు విప్పగలిగేలా కట్టాలి. అందుకే మా దుకాణంలో ఇప్పటికీ మైదా ఉడకబెట్టిన జిగురే వాడతాం, నీళ్లు తగిలితే వదిలిపోతుంది. వీటినీ దాంతోనే అంటించాడు. తడిగుడ్డ పెట్టి కాసేపు ఆగాను. మొదటి కాగితం మెత్తగా లేచి వచ్చింది.

అన్నయ్య చేతిరాత. 'ల' తోక అలా కిందికి లాగేది ఈ లోకంలో ఒక్కడే.

'మాట తప్పుతున్నాను. దీన్ని నాకు వదిలెయ్. ఇంకేమీ అడగను.'

తారీఖు చూశాను. నా పేగు చిట్లి ఆపరేషన్ చేసిన మర్నాడు. ఆ తర్వాత నాకు తొమ్మిది రోజులు తెలివి లేదు.

మిగతావి విప్పలేదు. గుడ్డ తీసేశాను.

మార్చి 12

ఆసుపత్రికి వెళ్లలేదు. పని ఎక్కువగా ఉంది.

మార్చి 13

పని ఎక్కువగా ఉంది. వదిన ఫోన్ చేస్తే అదే చెప్పాను. స్కూలు రిజిస్టర్లు రెండు డజన్లు కుట్టాలి. అవి వచ్చేనెలకి ఇవ్వాల్సినవి, అయినా ముందే చేసి పెట్టుకుంటే మంచిదేగా.

మార్చి 14

పని ఎక్కువగా ఉంది.

సరే, రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

ఆరేళ్ల కిందట మా ఆయన పోయే ముందు రోజు. అప్పటికి నెలరోజులుగా మంచం మీదే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి నాకోసం దండం పెట్టుకోవే. నాకు చేతులు లేవటం లేదు" అన్నాడు. తన కోసం జీవితంలో నన్ను ఏదైనా అడిగాడంటే అదొక్కటే. చొక్కా గుండీ ఊడితే తనే కుట్టుకునేవాడు.

అన్నయ్య మంచానికి అవతలి పక్క నిలబడి ఉన్నాడు. నేను అన్నయ్య మొహం చూశాను. తల దించుకున్నాడు. మా మాట గుర్తుచేస్తున్నాడనుకున్నాను. "అలాంటివి నాకు రావుగా" అన్నాను మా ఆయనతో. "పోనీలే" అన్నాడు. అదే ఆఖరి మాట. మర్నాటికి లేడు.

అప్పటికి ఆ తొమ్మిది కాగితాలూ పుస్తకంలోకి ఎక్కి ఆరేళ్లు. అన్నయ్య నోరు విప్పి "పెట్టుకోవే, నేనూ పెట్టుకున్నాను" అని ఒక్కముక్క అంటే సరిపోయేది. అనలేదు. మాట తను తప్పాడు, నిలబెట్టుకోవడం నా ఒక్కదాని నెత్తిన పెట్టాడు. చచ్చిపోయే మనిషిని కాదన్న పాపం నాది, తను మాత్రం చక్కగా జిగురు రాసుకుని కూర్చున్నాడు.

నాకు కోపంగా ఉంది. తలలో గడ్డ ఉన్న మనిషి మీద ఇంత కోపం రాకూడదు. వచ్చింది.

మార్చి 15

పని.

మార్చి 16

వదిన దుకాణానికే వచ్చేసింది. కుట్టి పెట్టిన రిజిస్టర్ల దొంతర వైపు చూసింది, నావైపు చూసింది.

"ఇన్ని పుస్తకాలు కుట్టావు, బాగానే ఉంది. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు ఐదు రోజులుగా. అలిగావా?"

"లేదు."

"అలిగితే అలుగు. ఇరవై తర్వాత అలిగి ప్రయోజనం ఉంటుందో ఉండదో. మాట్లాడేదేదో ఉంటే ఆయనకి మాట ఉండగానే మాట్లాడు."

నాకు ఏడుపు వచ్చింది, అది కనబడకుండా ఉండాలని పోట్లాట వేసుకున్నాను. "నువ్వు ముప్పై ఏళ్లుగా రోజూ దండాలు పెడుతున్నావుగా, మరి గడ్డెందుకొచ్చింది? ఏమడిగావు, ఏమిచ్చాడు?"

వదినకి కోపం రాలేదు. కుర్చీలో కూలబడి చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంది. "నేనేమీ అడగను కదే. మొదట్లో అడిగేదాన్ని. పిల్లలు పుట్టాలని అడిగా, పుట్టలేదు. తర్వాత అడగటం మానేశా. పెట్టుకోవటం మానలేదు. పొద్దున్నే మొహం కడుక్కోమా, అలాగే. మొహం కడుక్కుంటే అందగత్తెనవుతానని కాదుగా."

ఇన్నేళ్లలో నేను వదినని ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. అమాయకురాలని అనుకునేదాన్ని.

వెళ్తూ, "రేపు కాకపోతే ఎల్లుండి. అంతకంటే ఆగితే నేనే వచ్చి జుట్టు పట్టుకుని లాక్కెళ్తా" అంది.

మార్చి 18

వెళ్లాను.

అన్నయ్య చిక్కాడు. తల గొరిగేశారు. నన్ను చూసి నవ్వాడు, ఎందుకు రాలేదని అడగలేదు. అది ఇంకా మండించింది. వదిన ఫ్లాస్కు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

"తొమ్మిది కాగితాలు" అన్నాను.

నవ్వు పోయింది. మాటలు వెతుక్కుంటున్నాడో, దాక్కోవడానికి చోటు వెతుక్కుంటున్నాడో తెలియలేదు.

"అన్నీ చదివావా?"

"ఒకటి చాలదూ? మాట తప్పితే తప్పావు. మా ఆయన అడిగిన రోజు నువ్వు పక్కనే ఉన్నావు. ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది." ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "నువ్వు... నన్ను చూసి... ధైర్యంగా ఉన్నావు. నేను దొంగనని... ఎలా చెప్పను? తప్పే. ఆరోజు చెప్పాల్సింది. రోజూ అనుకున్నా. ఆరేళ్లూ."

"చించి పారేస్తే పోయేదిగా. అంటించడమెందుకు?"

"కాగితం... పారెయ్యకూడదు కదే."

అక్కడ నాకు నవ్వొచ్చేసింది. కోపంలో నవ్వు రావడం కంటే అవమానం లేదు. తనూ నవ్వాడు, సగం మూతితో.

"అసలు ఎందుకు అడిగావు? అమ్మని ఇవ్వనివాడు నన్నిస్తాడని ఎలా అనుకున్నావు?"

"అనుకోలేదు." కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత చెప్పాడు. "నువ్వు లేవు కదా. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా... నీతో వాగటం అలవాటు. ఇంక ఎవరితో మాట్లాడను?"

"వదినతో మాట్లాడొచ్చుగా."

"మీ వదిన అప్పటికే... ఆయనతో మాట్లాడుతోంది. లైను బిజీ."

అన్నయ్య కాళ్లు నొక్కాను. క్షమించానో లేదో నాకు తెలియదు. మా ఆయన మాట ఇంకా గుండెలో అక్కడే ఉంది, అది ఎటూ పోదు. కానీ కాళ్లు చల్లగా ఉన్నాయి, నొక్కాను. డ్రైవరుగారి భార్య పక్కనుంచి మా ఇద్దరినీ చూస్తోంది. ఆవిడ పెదవులు మాత్రం ఆగలేదు.

మార్చి 19

మిగతా ఎనిమిది కాగితాలూ తడిపి విప్పాను.

రెండోదాంట్లో, 'ఇంకా కళ్లు తెరవలేదు. అట్ట కోసే కత్తి మొద్దుబారింది.' మూడోదాంట్లో, 'లైబ్రరీవాళ్లు వచ్చి నిఘంటువు తీసుకెళ్లారు. వెన్ను మీద అక్షరాలు వంకర పడ్డాయి, వాళ్లు చూసుకోలేదు. చెల్లి చూస్తే ఊరుకునేది కాదు.' ఐదోదాంట్లో, 'బావ ఏమీ తినటం లేదు. నేనే కలిపి పెట్టాను.' ఆ బావ మా ఆయనే. ఏడోదాంట్లో ఒక్కటే ముక్క, 'ఈరోజు చెప్పడానికేమీ లేదు. కూర్చున్నాను.' తొమ్మిదోదాంట్లో, 'కళ్లు తెరిచింది. నన్ను చూసి, గడ్డం గీసుకోలేదేం అంది.'

మొదటిదాంట్లో తప్ప ఎక్కడా ఏమీ అడగలేదు.

నాకు మా ఆయన ఆ రోజుల్లో ఎలా ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఐదో కాగితం వల్ల తెలిసింది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత తొమ్మిదింటినీ విడివిడిగా ఆరబెట్టి, తారీఖుల ప్రకారం పేర్చి కుట్టేశాను. ఈసారి అంటించలేదు.

రేపు ఆపరేషన్.

మార్చి 20

పొద్దున ఎనిమిదింటికి తీసుకెళ్లారు. తీసుకెళ్లేముందు వదినకి ఏదో చెప్పాడు, నాకు చెయ్యి ఊపాడు.

పదింటికి వదిన ప్రార్థన గదికి బయలుదేరింది. నన్ను రమ్మనలేదు. నేనే వెనకాల నడిచాను. తను ఒక కుర్చీలో, నేను ఇంకో కుర్చీలో. వదిన కళ్లు మూసుకుంది. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లో పెట్టుకున్నాను.

అడగాలనిపించింది. బతికించు, మాట ఉంచు అని నాలుక చివరిదాకా వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం. అడిగాను కూడా, ఒక్కసారి. అడిగాక మా ఆయన గుర్తొచ్చి, ఇది నీ కోసం పెట్టుకోవాల్సింది, ఆలస్యమైంది అని ఆయనకి చెప్పాను. ఎవరికి ఏది చెబుతున్నానో కలగాపులగం అయిపోయింది. తర్వాత దుకాణం సంగతులు చెప్పాను. రిజిస్టర్లు అయిపోయాయనీ, మైదా నిండుకుందనీ, రేకు తలుపు మళ్లీ పట్టేస్తోందనీ.

ఎవరైనా విన్నారా అంటే నాకు తెలియదు. గంటన్నర గడిచిందని వదిన చెబితే తెలిసింది.

మధ్యాహ్నం మూడున్నరకి డాక్టరు వచ్చాడు. గడ్డ తీసేశారట. మిగతాది తెలివి వచ్చాకే.

మార్చి 21

లేవలేదు.

మార్చి 22

లేవలేదు. నేనే మాట్లాడుతూ కూర్చున్నాను. నర్సు "ఆయనకి వినబడదమ్మా" అంది. "నీకు వినబడుతోందిగా, కాస్త సర్దుకో" అన్నాను.

మార్చి 23

పొద్దున తొమ్మిదిన్నరకి అన్నయ్య కళ్లు తెరిచాడు. వదినని చూశాడు, నన్ను చూశాడు. పెదవులు నాలుగైదుసార్లు కూడదీసుకుని "నీళ్లు" అన్నాడు. కిటికీ అనలేదు, కత్తెర అనలేదు. సరిగ్గా నీళ్లే. వదిన గ్లాసు అందుకుని సగం తన చీర మీదే పోసుకుంది. ఇద్దరం ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చాం.

అంతలో గమనించాను, పక్క మంచం ఖాళీ. దుప్పటి మార్చేశారు. డ్రైవరుగారు తెల్లారుజామున పోయారట.

నేను ఒక్క పూట కుర్చీలో కూర్చుని వచ్చాను, మావాడు నీళ్లు అడిగాడు. ఆవిడ పెదవులు ఇన్ని రోజులుగా ఒక్క నిమిషం ఆగలేదు. నా ప్రార్థన ఫలించిందని ఎవరైనా అంటే వాళ్ల నోరు కుట్టేస్తాను. వదిన కూడా ఆ మాట అనలేదు.

పదకొండింటికి ఈ నెల కాగితాలు తీసుకోవడానికి ప్రార్థన గదికి వెళ్లాను. డ్రైవరుగారి భార్య అక్కడ ఉంది. ముందు తెల్లకాగితం, చేతిలో పెన్ను. ఆవిడ పెదవులు కదలకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. బయట కారు కోసం ఎవరో వెళ్లారట, వచ్చేదాకా ఇక్కడ కూర్చోమన్నారట.

"రాద్దామని కూర్చున్నానమ్మా" అంది. "అలవాటుగా వచ్చేశా. ఏమడగాలో తెలీటం లేదు. ఇంక అడగటానికేముంది?"

వెళ్లిపోదామనుకున్నాను. ఓదార్చడం నాకు రాదు. ఎవరినైనా ఓదార్చబోతే గుచ్చుకునే మాటే వస్తుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

"అడగకండి. ఆయన సంగతులు చెప్పండి."

"ఎవరికి చెప్పను?"

"నాకు చెప్పండి."

ఆవిడ నావైపు చూసింది. ఇన్నాళ్లుగా పక్కపక్కనే ఉన్నాం, నేను ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. పెన్ను మూత పెట్టింది.

"ఆయన వేరేవాళ్లు నడిపే బస్సెక్కితే కుదురుగా కూర్చునేవాడు కాదమ్మా. ముప్పై రెండేళ్లు నడిపాడు కదా. వెనక సీట్లో కూర్చుని కూడా, మలుపు వచ్చిందంటే బ్రేకు తొక్కేవాడు. ఇదిగో, ఇలా."

చెప్పు విడిచి కుడికాలితో నేలని గట్టిగా తొక్కి చూపించింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.